తెర మీద లేని మాట

మొన్న చలికాలంలో ఆక్లండ్‌లో ఒక పాత జపాన్ సినిమా వేస్తున్నారని తెలిసి, హామిల్టన్ నుంచి ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. దాని దర్శకుడి పేరు సినిమాలంటే కాస్త ఇష్టం ఉన్నవాళ్లెవరికైనా తెలుసు. ప్రపంచమంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఈ సినిమా మాత్రం ఆయన ఇంకా ఎవరో తెలియని రోజుల్లో, కుర్రతనంలో తీసింది. తర్వాత వచ్చిన గొప్ప సినిమాల నీడలో పడి దీన్ని అందరూ మరిచిపోయారు. ఆయన మీద రాసిన లావుపాటి పుస్తకాల్లో కూడా దీనికి నాలుగు వాక్యాలకు మించి చోటు దొరకలేదు. ఇప్పుడెవరో పూనుకుని, పాత రీళ్ల మీది గీతలూ మచ్చలూ తుడిచి, కొత్తదానిలా చేసి బయటపెట్టారు. హాలు నిండిపోయింది. అయిపోయాక జనం లేచి చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయన, "ఇన్నాళ్లూ ఇదెక్కడ దాక్కుంది?" అని భార్యను అడుగుతున్నాడు. నేను లేవలేకపోయాను. బొమ్మ అద్దంలా ఉంది, అడుగున ఇంగ్లీషు అక్షరాలు చక్కగా పడుతున్నాయి. నా చెవుల్లో మాత్రం సినిమా సగం నుంచీ తెలుగులోనే వినిపించింది. అదీ మా తెనాలి తెలుగు కాదు, హనుమకొండ తెలుగు. ఆక్లండ్‌లో సిటీ బస్సు నడుపుకునే ఒక మనిషి గొంతు.

చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో నేను ఆక్లండ్ శివారు హెండర్సన్‌లో ప్రభుదాస్ అంకుల్, సుగుణ ఆంటీ వాళ్లింట్లో ఒక గదిలో ఉండేదాన్ని. తోటి స్టూడెంట్లందరూ సిటీలో ఫ్లాట్లలో గుంపులుగా ఉండేవాళ్లు. నాకెందుకో పెద్దవాళ్లున్న ఇల్లయితే బాగుంటుందనిపించింది. అంకుల్ హనుమకొండలో మిషన్ స్కూల్లో లెక్కల సారు, ఇక్కడ బస్సు డ్రైవరు. ఆంటీ ఒక వృద్ధాశ్రమంలో లాండ్రీ పని చేసేది. చెక్క గోడల ఇల్లు, రేకు కప్పు. వాన పడితే టీవీ సౌండు పెంచాల్సిందే. హెండర్సన్‌లో వాన పడని వారం నేను చూడలేదు. హీటరు మీద ఎప్పుడూ ఎవరివో తడిసిన సాక్సులు ఆరుతుండేవి. కార్పెట్టు వాసన, తాలింపు వాసన, అంకుల్ ఆదివారం చర్చికి వేసుకునే బూట్ల పాలిష్ వాసన, ఈ మూడూ కలిసి ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. ఆంటీ ఎండుమిరపకాయలు వేయించినప్పుడల్లా పొగ అలారం కీచుమని అరిచేది. అంకుల్ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, స్టూలెక్కి, తువ్వాలుతో దానికి గాలి విసిరేవాడు. "వంట మంచిగైందని చెప్తున్నది, అరవనియ్యి" అనేది ఆంటీ. పెరట్లో ఫీజోవా చెట్టుండేది. జామకాయకు పచ్చరంగు చుట్టం లాంటి పండు అది. శరదృతువులో బుట్టలు బుట్టలు రాలేవి. ఆంటీ వాటితో తొక్కు పెట్టేది. పుల్లగా, ఘాటుగా, ఏ దేశానిదో తెలియని రుచి. ఈనాటికీ ఫీజోవా వాసన తగిలితే నాకు ముందు నోరూరుతుంది, ఆ తర్వాత గుండె బరువెక్కుతుంది.

వాళ్లకు ఒక్కడే కొడుకు, వినయ్. నేను వాళ్లింటికి రావడానికి ముందు ఏడాది, పడమటి తీరంలో రాళ్ల మీద నిలబడి చేపలు పడుతుంటే అల వచ్చి లాక్కుపోయింది. పోలీసులు వెతికారు, హెలికాప్టర్ తిరిగింది, ఊరివాళ్లు ఇసుక మీద నడిచి నడిచి చూశారు. రాళ్ల మీద బకెట్టూ, చిన్న చాకూ దొరికాయి. మనిషి దొరకలేదు. ఈ సంగతి నాకు మొదటి రోజే అంకుల్ కార్లో చెప్పాడు, ఇంట్లోకి అడుగు పెట్టకముందే. "ఆంటీ ముందట వాడు పోయిండు అనకు బిడ్డా. వస్తడనే ఉన్నది ఆమె" అన్నాడు.

ఆంటీ నిజంగానే వస్తాడన్న నమ్మకంతో ఉంది. ఈత బాగా వచ్చినవాడు, ఏ ఓడవాళ్లో ఎక్కించుకుని ఉంటారు, తలకు దెబ్బ తగిలి పేరు మరిచిపోయి ఏ దేశంలోనో ఉంటాడు, జ్ఞాపకం రాగానే ఇంటికి దారి వెతుక్కుంటాడు. ఈ మాటలు ఏడుస్తూ చెప్పేది కాదు, బట్టలు మడతపెడుతూ మామూలుగా చెప్పేది. చర్చివాళ్లు, మనిషి పోయినప్పుడు పెట్టే ఆదరణ కూడిక పెట్టుకుందామని, నలుగురం కూర్చుని ప్రార్థన చేసుకుంటే మనసు కుదుటపడుతుందని రెండు మూడుసార్లు అడిగారు. "బతికున్నోనికి ఆదరణ కూడికేంది పాస్టరయ్యా?" అని ఆమె ఆ మాటను అక్కడే తుంచేసింది. అంకుల్‌కు ఆ ప్రార్థన కావాలని ఇంట్లో గోడలకు కూడా తెలుసు. ఆయన అడగలేదు. వాళ్లిద్దరూ వానా, బస్సూ, బియ్యం, బంధువుల పెళ్లిళ్లూ అన్నీ మాట్లాడుకునేవాళ్లు. వినయ్ దగ్గరకొచ్చేసరికి మాట పక్కకు తిరిగిపోయేది, దారిలో గుంట చూసి తప్పించుకున్న బండిలాగా.

రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆంటీ ఒక స్టీలు డబ్బాలో అన్నం, కూర, మూల కొంచెం తొక్కు పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేది. అది వినయ్‌ది. తెల్లవారుజామున అంకుల్ డ్యూటీకి వెళ్తూ ఆ డబ్బాను సంచిలో వేసుకుని వెళ్లేవాడు. మధ్యాహ్నం డిపోలో కూర్చుని తినేవాడు. సాయంత్రం కడిగి బోర్లించేవాడు. మళ్లీ ఆంటీ నింపేది. ఆ డబ్బా ఎటు పోతోందని ఆమె అడగలేదు, తాను తింటున్నానని ఆయన చెప్పలేదు. కొత్తలో నాకది వింతగా, కొంచెం భయంగా కూడా ఉండేది. నెలలు గడిచేసరికి పాల ప్యాకెట్టు లాగా, పేపరు లాగా అదీ ఆ ఇంటి పద్ధతుల్లో ఒకటైపోయింది. ఆదివారం చర్చి అయ్యాక అంకుల్ కారు కడిగించుకొస్తానని వెళ్లేవాడు. చీకటి పడేవేళకు తిరిగొచ్చేవాడు. కారు చక్రాలకు ఆ పడమటి తీరపు నల్ల ఇసుక అంటుకుని ఉండేది. ఆంటీ దాన్నీ చూసేది, ఏమీ అనేది కాదు.

నేను చదివింది కంప్యూటర్లు. ఒక సెమిస్టర్‌లో మాత్రం టైమ్‌టేబుల్లో ఇంకేదీ కుదరక ఆసియా సినిమా అనే పేపరు తీసుకున్నాను. ఆ జపాన్ దర్శకుడి సినిమాల మీద వ్యాసం రాయమన్నారు. పేరున్న సినిమాలన్నీ మిగతావాళ్లు ముందే ఎగరేసుకుపోయారు. "ఇదొకటి మిగిలింది. ఎవరూ పెద్దగా పట్టించుకోరు దీన్ని. ముగింపు తేలిపోయింది, కుర్రాడికి ధైర్యం చాల్లేదంటారు" అంటూ మా లెక్చరరు ఒక వీడియో క్యాసెట్ నా చేతిలో పెట్టింది. క్యాసెట్ ఆ వారాంతానికే ఇస్తారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ, అది హాల్లో ఉంది. కథేమిటో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ ఇంట్లో పెట్టి ఉండేదాన్ని కాదు.

ఆ ఆదివారం గాలివాన. కొండల్లో మట్టి విరిగిపడి బీచికి వెళ్లే రోడ్డు మూసేశారని చర్చిలోనే ఎవరో చెప్పారు. అందుకని అంకుల్ చాలా కాలం తర్వాత ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉండిపోయాడు. భోజనాల బల్ల దగ్గర మాకు వీపు పెట్టి, పేపరు పరుచుకుని కూర్చున్నాడు. నేను టీవీ ముందు నేల మీద చేరి క్యాసెట్ పెట్టుకున్నాను. ఆంటీ పళ్లెంలో వెల్లుల్లి పోసుకొచ్చి సోఫాలో కూర్చుంది.

"ఏం బిడ్డా, ఒక్కదానివే సూస్తవా? నాకు గూడ జెర చెప్పు" అంది. ఆమెకు ఇంగ్లీషు మాట్లాడితే సగం అర్థమయ్యేది, చదవడం రాదు.

మొదలైంది. సముద్రపు ఒడ్డు, చిన్న పల్లె, చేపలెండబెట్టే ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె పని అవగానే ఇంటికి పోయి, ఒక మగవాళ్ల అంగీ తీసి, కుట్లన్నీ విప్పుతోంది. లోపలి దూది తీసి, గుడ్డ ఉతికి, చెక్కకు అతికించి ఆరబెట్టి, మళ్లీ దూది పెట్టి కుడుతోంది. పొరుగామె వచ్చి ఏదో అంది.

"ఈ యేడు చలి ముందుగానే వచ్చిందండీ అంటోంది ఆంటీ" అన్నాను.

ఆంటీ నవ్వింది. "అండీ గిండీ తీసెయ్యి. చేపలమ్మెటామె గంత మర్యాదగ మాట్లాడ్తదా? మాట్లాడినట్టే చెప్పు." కాసేపు చూసి, "గా అంగీ ఎవరిది?" అని అడిగింది.

నేను అక్షరాలు చదువుతూ, ఆలోచించకుండానే చెప్పేశాను. "వాళ్లాయనది. పడవ మీద వెళ్లాడట, ఇంకా రాలేదట. వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని చలికాలం ముందు ప్రతిసారీ ఇలా ఉతికి కుడుతుందట."

ఆఖరి మాట నోట్లోంచి బయటికొచ్చాకే నాకు తెలిసొచ్చింది. ఆంటీ చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది. బల్ల దగ్గర పేపరు చప్పుడు కూడా ఆగిపోయింది. నేను గబుక్కున లేచి, "తర్వాత చూసుకుంటాలెండి ఆంటీ" అంటూ మీట నొక్కబోయాను.

"కూసో" అంది ఆంటీ. గొంతు మామూలుగానే ఉంది. "ఉండనియ్యి. ఏమైతదో సూద్దాం."

చేసేదేమీ లేక కూర్చుని, తడబడుతూ చెప్పుకుంటూ పోయాను. ఆ ఇంట్లో ఆమెతో పాటు ఆమె మామ ఉన్నాడు, అంటే తప్పిపోయినవాడి తండ్రి. బక్కచిక్కిన ముసలాయన. గడ్డితో నేసిన చలిబట్ట కప్పుకుని వణుకుతూ తిరుగుతుంటాడు. ఆ పడవతో పాటు పోయినవాళ్లందరి పేర్లూ చెక్కించి ఊరివాళ్లు ఒక రాయి నిలబెడుతున్నారు. కొడుకు పేరు కూడా ఇద్దామని ముసలాయన అడగలేక అడగలేక అడిగాడు. కోడలు సూది కింద పెట్టి, తలెత్తి, చాలా నెమ్మదిగా ఏదో అంది. అడుగున అక్షరాలు పడ్డాయి. నాకు చదువు వచ్చు. నోరు రాలేదు.

"ఏమన్నది?" అంది ఆంటీ.

నేను కార్పెట్టు పోగులు పీకుతున్నాను.

"ఏమన్నది బిడ్డా?"

"'పోయిండు పోయిండు అంటున్నరు మీరంతా. సూసినోడు ఒక్కడు రావాలె నా ముందటికి' అంటున్నది" అని వెనకనుంచి వినిపించింది.

అంకుల్ కుర్చీ ఇటు తిప్పుకుని ఉన్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి పెట్టుకుని, టీవీకేసి చూస్తున్నాడు. ఆ మాట అచ్చంగా ఆంటీ పాస్టరుగారితో అనే మాట. ఆంటీ ఆయనవైపు తిరగలేదు. "మరి గాయన ఏమంటున్నడు?" అని మాత్రం అడిగింది.

అక్కడినుంచి చెప్పే పని అంకుల్‌దైపోయింది. ఆయన క్లాసులో లెక్క చెప్పినట్టు, తొందర లేకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. కోడలు మాటలు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. మామ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతే సరిపోయేది. నేను మోకాళ్లు చుట్టుకుని, నా అవసరం తీరిపోయినట్టు కూర్చున్నాను. బయట రేకుల మీద వాన దంచుతోంది. తెర మీద మామ గడప మీద కూర్చుని, సముద్రం వైపు చూస్తూ, ఒకే ఒక్క మాట అన్నాడు. 'నేనూ అలసిపోయాను.' అంతే ఉంది అక్కడ. ఆ తర్వాత ముసలాయన పెదవులు కదల్లేదు.

అంకుల్ మాత్రం చెబుతూనే ఉన్నాడు. "నేను గూడ అలసిపోయిన. నాకు మాత్రం కొడుకు కాదా వాడు? ఐతారం ఐతారం గా రాళ్ల మీదికి పోయి నిలవడ్తున్న. గా నీళ్లనే అడుగుతున్న. ఇంటికొచ్చి చెప్తామంటే వినేటోళ్లు లేరు. నీతోటి గాకపోతే ఎవ్వరితోటి చెప్పుకోవాలె నేను?"

ఆంటీ మెల్లగా తల తిప్పి ఆయన్ని చూసింది. ఎంతసేపు చూసిందో. టీవీలో ఎవరో నడుస్తున్నారు, ఎవరో మాట్లాడుతున్నారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"గది సినిమాల ఉన్నదా?" అంది.

"లేదు" అన్నాడు అంకుల్.

ఆంటీ ఒళ్లోని పళ్లెం తీసి పక్కన పెట్టింది. సోఫాలో కొంచెం జరిగింది. ఆయన లేచొచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు తాకలేదు, ఏడవలేదు. నేను వంటింట్లోకి వెళ్లి కెటిల్ పెట్టి, అవసరం లేని కప్పులు కూడా కడిగి, టీ పట్టుకొచ్చేసరికి ఆంటీ, "జెర ఎనుకకు తిప్పు బిడ్డా. గీ మాటల్ల పడి కథ పోయింది" అంది. నేను క్యాసెట్ వెనక్కి తిప్పాను.

చివరకు ఏమవుతుందంటే, చలి ముదిరి ముసలాయన దగ్గుతో కూలబడతాడు. కోడలు ఒక పొద్దున ఆ అంగీ తీసి ఆయన మంచం పక్కన పెట్టి, ఏమీ చెప్పకుండా పనికి పోతుంది. సాయంత్రం తిరిగొస్తుంటే సందు చివర ఆ అంగీ వేసుకుని ఎవరో నడిచి పోతున్నారు. వెనకనుంచి అచ్చం భర్త. బుట్ట పారేసి పరుగెత్తుతుంది. ఆ మనిషి వెనక్కి తిరుగుతాడు. మామ. ఆమె రొప్పుతూ ఆయన ముందు నిలబడిపోతుంది. ఒక్కమాట అంటుంది, సినిమా అయిపోతుంది.

"బువ్వ సల్లారుతున్నది, ఇంటికి రా అన్నది" అని చెప్పాడు అంకుల్.

"పేరిచ్చిందా రాయి మీదికి?"

"సూపియ్యలేదు."

ఆంటీ మిగిలిన వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. ఆ రోజుకు అంతే.

మర్నాడు తెల్లవారుజామున మంచినీళ్లకని లేచి వెళ్తే వంటింట్లో దీపం వెలుగుతోంది. అంకుల్ యూనిఫాం వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆంటీ ఫ్రిజ్ తెరిచి, డబ్బా తీసి, తన చేత్తో ఆయన సంచిలో పెడుతోంది. "ఇగోండి మీ డబ్బా. డిపోల వేడి చేసుకొని తినుండ్రి, సల్లటిది తినకుండ్రి" అంది. అంకుల్ సంచి అందుకున్నాడు గానీ వెంటనే కదల్లేదు. తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, ఏదో మరిచిపోయినవాడిలా అటూ ఇటూ చూసి, అప్పుడు వెళ్లాడు.

రోడ్డు బాగుచేసి తెరిచారని తెలిసిన ఆదివారం, చర్చి నుంచి రాగానే ఆంటీ చెప్పులు విప్పలేదు. "నన్ను గూడ తీస్కపోండ్రి" అంది. నన్నూ రమ్మంది. కొండల మీద మలుపులు తిరుగుతూ, తడిసిన పెద్ద పెద్ద ఫెర్న్ మొక్కల మధ్యనుంచి దిగాం. కొడుకు పోయిన తర్వాత ఆమె సముద్రం వైపు రావడం అదే మొదటిసారి. నల్ల ఇసుక, మబ్బు, గాలికి మనిషి నిలవలేకపోతున్నాడు. అంకుల్ చెయ్యెత్తి దూరంగా ఆ రాళ్లు చూపించాడు. ఆమె రాళ్ల వైపు వెళ్లలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని తిన్నగా నీళ్ల దగ్గరకు నడిచింది. ఒక అల వచ్చి పాదాలూ చీర అంచూ తడిపి వెనక్కి పోయింది. ఆమె ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని భర్త వైపు తిరిగింది.

"గింత సల్లగుంటయా నీళ్లు?" అంది.

అప్పుడు ఏడ్చింది. అంకుల్ తన కోటు తీసి ఆమెకు కప్పాడు. నేను కారు దగ్గరకు వచ్చేసి, కిటికీలోంచి వాళ్లను చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు కొండ దిగాక ఆంటీయే అంది. "ప్రార్థన పెట్టుకుందాం. మీకు కావాలె గదా. కానీ నేనైతే ఎదురుసూస్త. గది నన్ను మానుకొమ్మని ఎవ్వరూ అనొద్దు."

"ఎవరంటరు?" అన్నాడు అంకుల్.

ఆదరణ కూడిక ఒక స్కూలు హాల్లో జరిగింది. తెలుగు చర్చివాళ్లు వారం వారం కూడుకునే చోటే అది. ఆంటీ ముందుగా పాస్టరుగారిని పక్కకు పిలిచి ఒక షరతు పెట్టింది. ప్రభువు పిలుచుకున్నాడు, నిద్రించాడు లాంటి మాటలేవీ వాడొద్దు. వినయ్ ఎక్కడున్నా అక్కడ ప్రభువు తోడుండాలని ప్రార్థన చెయ్యాలి. పాస్టరుగారు కొంచెం ఇబ్బంది పడ్డాడు. పుస్తకంలో అలాంటి ప్రార్థన లేదు. చివరికి తలూపి, కళ్లు మూసుకుని, 'ఎక్కడున్నా' అనే మాటతోనే మొదలుపెట్టాడు. అంకుల్ బిగ్గరగా ఆమేన్ అన్నాడు. ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత కూడా ఆంటీ డబ్బా పెట్టడం మానలేదు, అంకుల్ తినడం మానలేదు. పొద్దున్నే అది 'మీ డబ్బా', రాత్రి ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు 'వాని డబ్బా'. రెండూ నిజమే అన్నట్టు ఉండేది ఆమె.

నా వ్యాసానికి అంతంత మాత్రం మార్కులొచ్చాయి. "సినిమా గురించి రాయమంటే, సినిమా చూసినవాళ్ల గురించి రాశావు" అని లెక్చరరు చివర్లో రాసింది. ఆమె అన్నది నిజమే. ఇప్పటికీ నాకు ఆ రెండూ వేరు చేయడం చేతకాదు. మొన్న హాల్లో ఆ సినిమా మీద పంచిన కరపత్రంలో, ముగింపు తేల్చకుండా వదలడమే గొప్పతనమని రాశారు. అప్పుడు లోపమన్నది ఇప్పుడు గొప్పతనమైంది. సినిమా మాత్రం మారలేదు. నేను మారాను. అప్పుడు నేను కోడలి వయసులో ఉన్నాను. ఇప్పుడు దాదాపు ఆంటీ ఆనాటి వయసు. మా అమ్మాయి చేతి ఫోనులో ఏ దేశపు సినిమా అయినా ఏ భాషలో కావాలంటే ఆ భాషలో మాట్లాడుతుంది. ముగ్గురం మూడు గదుల్లో మూడు తెరలు చూసుకుంటాం. ఎవరికీ ఎవరూ 'ఏమంటున్నారు?' అని అడగాల్సిన పని లేదు. అది సుఖమే, కాదనను. కానీ అంకుల్‌కు ఆ రోజు ఆ అవసరం పడకపోయి ఉంటే, ఆ మాట ఆయన గొంతులోనే ఉండిపోయేది.

చదువైపోయి, హామిల్టన్‌లో ఉద్యోగం వచ్చి, పెళ్లయి, నేనిక్కడే సెటిలయ్యాను. కొన్నేళ్లకు అంకుల్ గుండెజబ్బుతో పోయాడు. ఆంటీ ఒక్కదాన్నే ఆ ఇంట్లో ఉండలేనని, మా వీధికి దగ్గరలో చిన్న యూనిట్ ఇల్లు తీసుకుంది. హెండర్సన్ ఇల్లు కొన్నది మెలే అనే సమోవా ఆవిడ, పిల్లాజెల్లా ఉన్న పెద్ద కుటుంబం. తాళాలిచ్చే రోజు నేనే ఆంటీని తీసుకెళ్లాను. తాళాలతో పాటు ఆంటీ ఒక కాగితం కూడా ఇచ్చింది. ముందురోజు నాచేత ఇంగ్లీషులో రాయించింది. వినయ్ అనే అతను వచ్చి అడిగితే వాళ్లమ్మ హామిల్టన్‌లో ఉందని చెప్పండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. కింద నా ఫోన్ నంబరు. మెలే చదివి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "తప్పకుండా చెబుతాం మామా" అని, అమ్మా అన్నట్టుగా పిలిచి, ఆంటీని గట్టిగా కౌగిలించుకుని, ఆ కాగితాన్ని తలుపు వెనక, కరెంటు మీటరు పక్కన అంటించింది.

ఆంటీ కిందటేడు శరదృతువులో పోయింది. నిద్రలోనే, ఎవరినీ కష్టపెట్టకుండా. ఆ సినిమా చూసి వచ్చిన కొన్ని వారాలకు నాకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మెలే. ఇల్లు బిల్డరుకు అమ్మేశామని, దాన్ని పడగొట్టి టౌన్‌హౌసులు కడుతున్నారని, తాము మనురేవా అనే చోటికి మారుతున్నామని చెప్పింది. ఇన్నేళ్లలో ఎవరూ రాలేదట. తలుపు ఊడదీసేస్తున్నారు కాబట్టి ఈ కాగితం ఏం చేయమంటారో మామాను అడిగి చెప్పమంది.

మామా లేదని చెప్పాను. అవతల పిల్లలెవరో అరుస్తుంటే ఆమె వాళ్లను సముదాయించడం వినిపించింది.

"అయితే కాగితం నా దగ్గరే ఉంచుకుంటాను" అంది మెలే. "అతను వస్తే, వాళ్లమ్మ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా."